శాస్త్రంలో లేని డబ్బాలు

మా ఇంట్లోకి ప్లాస్టిక్ డబ్బాలు పాత చీరలకి మారుగా వచ్చాయి. తొంభైల్లో మా కొత్తపేట వైపు పల్లెల్లో, పాత బట్టలు పుచ్చుకుని సామాన్లిచ్చే ఒకావిడ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగేది. అంతకుముందు స్టీలు గిన్నెలే ఇచ్చేది. ఆ ఏడు గంపలో ఎర్రమూతల డబ్బాలు కూడా కనిపించాయి. ఇత్తడి గిన్నెలు చింతపండు పెట్టి తోమీ తోమీ మా అమ్మకి అప్పటికే మణికట్లు పోయాయి. రెండు బండారులంక నేతచీరలూ, నాన్నగారి పాత ఉత్తరీయాలూ ఇచ్చి ఆరు డబ్బాలు తీసుకుంది. తీసుకున్నాక, మడి వంటింట్లోకి వాటిని తేవచ్చో కూడదో తెలియక అరుగు మీదే ఉంచింది.

మా నాన్నగారు వేదం చదువుకున్న మనిషి. మా వీధిలో పన్నెండిళ్ళు. మైల ఎన్నాళ్ళు పట్టాలి, తద్దినం ఏ తిథికి పెట్టాలి అనే సందేహం ఎవరికొచ్చినా మా అరుగెక్కేవారు. రాగీ ఇత్తడీ తోమితే శుద్ధి అవుతాయి, మట్టికుండ అంటుపడితే పారెయ్యాలి. ఇవి అందరికీ తెలిసినవే. ప్లాస్టిక్ సంగతి ఏ గ్రంథంలోనూ లేదు. అయినా ఆయన రెండు రోజులు కళ్ళజోడు పెట్టుకుని నిజంగానే వెతికారు. మూడో రోజు భోజనానికి కూర్చుంటూ తేల్చేశారు.

"లోహం కాదు, మట్టీ కాదు. నిప్పుకి చూపిస్తే కరిగిపోతుంది. అంచేత నిప్పుకి బదులు సలసల మరిగే నీళ్ళు పొయ్యండి. అలా పోస్తే శుద్ధే. మడికి వాడుకోవచ్చు."

నేనప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను, అందులోనూ కెమిస్ట్రీ. నాన్నగారి తీర్పు నాకు భలే నచ్చింది. మరిగే నీళ్ళకి క్రిములు చస్తాయి, ఆయన శాస్త్రమూ నా శాస్త్రమూ ఒకే మాట చెబుతున్నాయి అని అమ్మ ముందు గొప్పగా వత్తాసు కూడా పలికాను. ఈ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

నెల తిరక్కుండా వీధంతా ఆ తీర్పు మీదే నడిచింది. పొద్దున్నే ప్రతి ఇంట్లోనూ ఒక గిన్నెడు నీళ్ళు విడిగా పొయ్యి మీద మరిగేవి. పిల్లల బడి డబ్బాలూ, ఊరగాయ డబ్బాలూ, మజ్జిగ డబ్బాలూ వరసగా పెట్టి వాటిమీద గుమ్మరించేవారు. మా అమ్మ అయితే చెయ్యి కాలినా సరే మూత అంచులు కూడా వదిలేది కాదు. ఏడాది తిరిగేసరికి అద్దంలా ఉన్న డబ్బాలు పాలిపోయాయి, మూతలు వంకర తిరిగాయి. పెరుగన్నంలో ఒకలాంటి వాసన వచ్చేది. కొత్త వాసనలే, నాలుగుసార్లు కడిగితే పోతుంది అనేది అమ్మ. వాసన పోలేదు, మేమే దానికి అలవాటు పడ్డాం.

తర్వాత నాకు ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అమలాపురంలోనే కాపురం పెట్టాం. మా ఆయన పొద్దున్నే పనికి వెళ్ళి సాయంత్రానికి వచ్చే మనిషి. మొదటిసారి నెల తప్పినప్పుడు నాకు విపరీతంగా వాంతులు. ఏం తిన్నా నిలిచేది కాదు, ఒక్క మా అమ్మ చేతి చారూ అన్నం తప్ప. ఆ మాట చెప్పడమే తడవుగా నాన్నగారు రోజూ మొదటి బస్సుకి చారూ అన్నం పట్టుకుని రావడం మొదలుపెట్టారు. బిగువు మూత కాబట్టి ఒలకదని అమ్మ చారు ఆ డబ్బాలోనే పోసేది. మరిగే నీళ్ళతో శుద్ధి చేసి, పొయ్యి మీంచి దించిన చారు దించినట్టే పోసి, చల్లారకుండా తువ్వాలు చుట్టేది. గంట ప్రయాణం తర్వాత కూడా మూత తీస్తే ఆవిరి వచ్చేది. నాన్నగారు వరండాలో కూర్చుని నేను తినేదాకా చూసి, డబ్బాలు తీసుకుని వెళ్ళిపోయేవారు.

మూడో నెలలో పోయింది. రెండోసారీ అదే చారు, అదే తువ్వాలు. నాలుగో నెలలో పోయింది.

రెండోసారి తర్వాత పరామర్శకి వచ్చినవాళ్ళంతా తలో మాటా అన్నారు. నాగప్రతిష్ఠ చేయించమని ఒకరు, ఇల్లు మారమని ఒకరు. ఒకావిడ అయితే అడక్కుండానే నా జాతకం వేయించి మరీ తెచ్చింది. అందరికీ కాఫీలిచ్చి పంపాను. బడికి వెళ్ళేదాన్ని, పాఠం చెప్పేదాన్ని, వచ్చి బట్టలు మడతపెట్టేదాన్ని.

అలాంటి రోజుల్లోనే మా సైన్సు టీచర్లకి ఒక శిక్షణ తరగతి పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చినాయన మాటల్లో మాటగా ప్లాస్టిక్ సంగతి ఎత్తారు. గట్టిదనానికీ మెత్తదనానికీ అందులో కలిపే మందులు కొన్ని వేడి తగిలితే కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతాయనీ, పులుపూ నూనే ఉంటే మరింత దిగుతాయనీ, ఒంట్లో హార్మోన్ల పనిని అవి చెడగొట్టవచ్చని పరిశోధన చేసేవాళ్ళు అనుమానపడుతున్నారనీ చెప్పారు. కడుపుతో ఉన్నవాళ్ళూ చిన్నపిల్లలూ జాగ్రత్తగా ఉంటే మంచిదన్నారు. పాలిపోయిన డబ్బా, గీతలు పడ్డ డబ్బా అసలే మంచిది కాదన్నారు. నా పక్కనున్న టీచరు నోట్సు రాసుకుంది. నేను రాసుకోలేదు. చింతపండు చారు, నూనె తేలే ఊరగాయ, మరిగే నీళ్ళు, పాలిపోయిన డబ్బా. అన్నీ మా ఇంటివే. ఆయన మా వంటింట్లో నిలబడి చెబుతున్నట్టే ఉంది.

నన్ను చూసే డాక్టరమ్మగారిని అడిగాను. ఆవిడ "వాటివల్లే పోయాయని ఎవరూ చెప్పలేరమ్మా. కాదనీ చెప్పలేరు. వేడివి అందులో పెట్టకండి, అంతవరకూ మీ చేతిలో ఉంది" అన్నారు.

అంతవరకూ నా చేతిలో ఉంది. కానీ నాన్నగారితో ఆ మాట చెప్పడం నా చేతిలో లేదనిపించింది. మీరిచ్చిన తీర్పు తప్పు అని ఆయన మొహం మీద ఎలా అనడం? అంటే, ఆ వెంటనే ఆ డబ్బాలకీ పోయిన రెండు కడుపులకీ ఆయనే లెక్క కలుపుకుంటారు. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడుతున్న మనిషి ఆ లెక్క మోస్తూ మిగిలిన రోజులు బతకాలా? వద్దనుకున్నాను. ఇంట్లో మా డబ్బాలు మాత్రం తీసి పారేశాను.

మూడోసారి నెల తప్పింది. ఎవరికీ చెప్పకపోయినా అమ్మ కనిపెట్టేసింది, మర్నాటినుంచి నాన్నగారు మళ్ళీ మొదటి బస్సెక్కారు. వాంతులు తగ్గాయి, నేనే వండుకుంటున్నాను, శ్రమ పడొద్దు అన్నాను. ఆయన నవ్వి, మర్నాడు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన ముందు తినకుండా, బడికి టైమవుతోంది, తర్వాత తింటాననేదాన్ని. ఆయన వీధి మలుపు తిరిగాక పెరట్లో కొబ్బరిచెట్టు పాదులో చారూ అన్నం ఒంపేసి, డబ్బా కడిగి బోర్లించేదాన్ని. ఇత్తడి గిన్నెలో వండుకున్నది తినేదాన్ని. మర్నాడు ఎలా ఉందమ్మా అంటే బావుంది అనేదాన్ని. మా అమ్మ కాలిన చేతులతో చేసిన వంట అలా మట్టిలో పోస్తున్నందుకు సిగ్గేసేది. అయినా మానలేదు. ఒక్క మెతుకు కూడా నోట్లో పెట్టుకోలేదు.

అయిదో నెలలో అదీ పోయింది.

ఇంటికొచ్చిన వారానికి నాన్నగారు వచ్చారు. చేతిలో సంచీ లేదు. వరండాలో కుర్చీలో కూర్చుని గొడుగు కర్ర తిప్పుతూ అడిగారు.

"ఒక మాట అడుగుతానమ్మా, తప్పుగా అనుకోకు. రెండో నెలలో ఒకనాడు గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చేను. నువ్వు పెరట్లో అన్నం పాదులో ఒంపేస్తున్నావు. పిలవకుండా వెళ్ళిపోయేను. ఎందుకమ్మా అలాగ?"

"మరి తర్వాత కూడా తెచ్చేరు కదా నాన్నగారూ" అన్నాను.

"తేకపోతే రోజూ ఏం వంక పెట్టుకుని రానమ్మా? కూతురింటికి ఊరికే వస్తే బావుంటుందా? నిన్ను కళ్ళతో చూసుకుంటే చాలనుకున్నాను. మీ అమ్మకి చెప్పలేదు, వంట కుదరడం లేదేమో అని దిగులు పడుతుంది."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు మొత్తం చెప్పాను. ఏం దిగుతుంది, ఎప్పుడు దిగుతుంది, ఎంతవరకూ తెలుసు, ఎంతవరకూ తెలీదు. ఆయన శిష్యుడిలా విన్నారు.

"మరిగే నీళ్ళు పోస్తే మరీనా?"

"మరీనండి. డబ్బా పాడైనకొద్దీ ఎక్కువ."

"అయితే నేను చెప్పింది తలకిందులన్న మాట."

ఈ మాటకి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. "దానివల్లేనని ఎవరూ చెప్పలేరు నాన్నగారూ. ఈసారి నేనసలు తినలేదు. అయినా పోయింది కదా." ఓదార్పుగా పనికొస్తుందని ఆసుపత్రి మంచం మీదే అనుకున్న మాట అది. ఆయన దాన్ని విన్నట్టు లేరు.

"ఎప్పుడు తెలిసింది నీకిది?"

"రెండేళ్ళయింది."

"మరి చెప్పలేదేం?"

"వీధంతా మీ మాట మీద నడుస్తోంది. మీరు బాధపడతారని."

ఆయన బాధపడతారనే చూస్తూ కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటారేమో, మీ అమ్మకి చెప్పకు అంటారేమో అనుకున్నాను. ఆయన లోపలి గోడ గడియారం వైపు చూశారు.

"ఎదురింటి పిల్లలిద్దరూ ఆ డబ్బాల్లోనే బడికి అన్నం పట్టుకెళ్తున్నారమ్మా. మూలింటి కోడలికి ఇప్పుడు ఏడో నెల. నా సంగతి సరే, వాళ్ళకైనా చెప్పాలి కదా తల్లీ."

కోప్పడలేదు. తిథి తప్పు చెప్పినవాళ్ళని దిద్దేటప్పుడు కూడా ఆయన గొంతు అలాగే ఉంటుంది. పదకొండింటికి బస్సుందంటూ లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత సంగతి అమ్మ చెప్పింది. ఆయన బస్సు దిగి ఇంటికి రాలేదట. తిన్నగా పన్నెండిళ్ళూ తిరిగారట. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "నేను తప్పు చెప్పేనండి. ప్లాస్టిక్ డబ్బాల మీద మరిగే నీళ్ళు పొయ్యకండి, వేడి పదార్థాలు అందులో పెట్టకండి" అని అదే మాట చెప్పారట. కొందరు ఆయ్ అలాగేనండి అన్నారట, కొందరు ఎందుకండీ అని అడిగితే మా అమ్మాయి సైన్సు టీచరు, తనే చెప్పింది అన్నారట. మూలింట్లో మాత్రం, డబ్బాల్లోవి జాడీల్లోకీ గిన్నెల్లోకీ మార్చేదాకా అరుగు మీదే కూర్చున్నారట. భోజనానికి వచ్చేసరికి మూడు దాటిందట.

ఆయన పరువు కాపాడుతున్నాననుకుని నేను రెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఆయనకి అది వదులుకోవడానికి ఒక పూట పట్టింది. మూలింటి కోడలికి ఏడో నెల అని ఆయన చెప్పేదాకా నాకు తెలీదని కాదు. అంతకుముందే సీమంతానికి పిలుపు వచ్చింది. అక్కడ అందరూ నావైపు ఎలా చూస్తారో అని వెళ్ళలేదు. ఆ అమ్మాయి ఏ డబ్బాలో తింటోందో ఆలోచించలేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నా కడుపు తప్ప ఇంకొకరి కడుపు నాకు గుర్తు రాలేదు.