పెద్ద రబ్బర్ల ఇయర్‌ఫోన్లు, పక్కింటి వడియాలు

నేను చెప్పబోయే ముచ్చట్ల ఆవగింజంత అబద్ధం లేదు. ఉంటే సంగమేశ్వరుని సాక్షిగ నా పళ్లన్ని ఊడిపోవాలె. ఉన్నయే రెండు గద అని నవ్వకుర్రి. ఆ రెండిటితోనే జొన్నరొట్టె, పచ్చి అల్లం, మా కోడలి మాటలు అన్ని నమిలి మింగుతున్న. ఓ రజితా, చాయ్ గిలాస పట్టుకొని జర ఇటు జరుగు. నిన్న ఎంగిలిపూల బతుకమ్మ కాడ నా ఇజ్జత్ ఎట్ల పోయిందో వింటె, ఆ చాయ్ నీ ముక్కులకెళ్లి బయటికొస్తది!

నాకు పొద్దున లేస్తె పాట కావాలె. పప్పుల రాళ్లు ఏరుతె పాట, చింతపండు గింజ తీస్తె పాట. "అత్తమ్మా, మీ ఫోన్ సప్పుడు కోహీర్ దాక పోతున్నది" అని మా కోడలు సునీత లొల్లి పెడ్తది. వట్టి అబద్ధం. కోహీర్‌కు జర ఇవతలనే ఆగిపోతది.

అసలు తకలీఫ్ కోడలితోని కాదు, పక్కింటి సరోజతోని. గోడలకు చెవులుంటయంటరు గద, మా గోడకున్నయి సరోజ చెవులే! నేను గీ గల్లీకి కోడలుగ వచ్చినప్పటి సంది బతుకమ్మ కాడ పాట ఎత్తుకునేది నేను. నేనొక్క మాట అంటె ఆడోళ్లందరు ఎనుక అందుకుంటరు. నిరుడు ఏమైంది? నేను ఫోన్‌ల పెట్టుకొని నేర్చుకున్న కొత్త పాటను గోడ అవతలికెళ్లి సరోజ ఇని, నాకంటె ముందే ఎత్తుకున్నది. జనమంత దాని ఎనుక పోయిన్రు. ఈ ఏడు గూడ గట్లనే అయితె, ఇగ నన్ను చెప్పుల కాడ కావలి కూసోబెడుతరు.

గందుకే ఈసారి మొగుడంపల్లిల ఉండే నా చెల్లెతోని ఒక పాట పాడిచ్చి తెప్పిచ్చుకున్న. ఏ ఫోన్‌ల ఎతికినా దొరకని పాట! దాన్ని గుట్టుగ నేర్చుకోవాలంటె ఇయర్‌ఫోన్లు కావాలె. బస్టాండ్ కాడ ఖలీల్ భాయ్ దుకాణంకు పోయిన.

"ఏం పాటలు వింటవమ్మా?" అన్నడు.

"నీకెందుకు? నీకు చెప్తె నువ్వు పోయి సరోజకు చెప్తవు."

"సరోజ ఎవరమ్మా?"

"అబ్బో, తెల్వనట్టె మాట్లాడు!"

పాపం, ఇగ డబ్బాలు దించిండు. ముందుగాల్ల తీగ లేనివి చూపిచ్చిండు, బొబ్బెర గింజలంత ఉన్నయి. ముద్దుగనే ఉన్నయి గని, తుమ్మితె ఉంటయా? పరీక్షకు ఒక్క తుమ్ము తుమ్మిన. ఒకటి ఖలీల్ భాయ్ చాయ్‌ల పడ్డది. రెండోది కర్ణాటక బార్డర్ దాటింది. తర్వాత గట్టి ప్లాస్టిక్‌వి పెట్టుకున్న. చెవిల గచ్చకాయ ఇరికినట్టు ఉన్నది. దాని మీద నా చెవుల గంటీల బరువొకటి! దుకాణంల ఉన్నయన్ని పెట్టుకొని చూసిన. పెట్టుకోనిది ఒక్క ఫోన్ చార్జరే.

ఆఖరికి తీగ ఉన్నవి ఒక జత దొరికింది. పుల్లోలె తేలిక. దవడ ఆడిచ్చినా కదుల్తలేదు. ధర గూడ సల్లగనే ఉన్నది. దాంతోని చిన్నయి, నడిమియి, పెద్దయి, మూడు తీర్ల రబ్బరు టోపీలిచ్చిండు.

"చిన్నయి పెట్టుకో అమ్మా, రోజు వినేటోళ్లకు ఆరామ్ ఉంటది. పెద్దయి పెడితె చెవి బిర్రుగ ఐతది, పక్కన మనిషి పిలిచినా వినబడది."

"ఏం వినబడదా?"

"ఏం వినబడది."

"గదే గావాలె నాకు!"

"ఇంకొక సంగతమ్మా, పెద్దయి పెట్టుకుంటె..."

"చాలు తియ్యి! పుట్టినప్పటి సంది గాజులు తొడుక్కుంటున్న, నాకు సైజు చెప్తవా? ఎక్కేటప్పుడు పానం పోవాలె, ఎక్కినంక ఊడద్దు. గదీ సైజంటె!"

ఇంటికొచ్చి గాజులకు సబ్బు రాసినట్టె, రబ్బర్లకు కొబ్బరినూనె రాసి ఎక్కిచ్చుకున్న. అరె, ఏం చెప్పాలె! లోకమంత చచ్చి ఊకున్నది. కుక్కర్ సీటీ లేదు, కోడలి గొంతు లేదు. స్వర్గం గిట్లనే ఉంటదేమో, కోడండ్ల సప్పుడుండదు! ఫోన్ బొడ్లె దోపుకొని, నెత్తి మీద కొంగు కప్పుకొని, వాకిట్ల కూసొని మా చెల్లె పాట విన్న. ఇనుకుంట ఇనుకుంట నేను గూడ మెల్లగ అనుకున్న. లోలోపలనే. చీమకు గూడ వినబడనంత మెల్లగ.

"అల్లం మడి ఒడ్డు మీద ఉయ్యాలో, జోడు చిలుకలు వాలె ఉయ్యాలో..."

రోజు ఇదే పని. ఒకనాడు పాలాయన క్యాన్ పట్టుకొని వాకిట్ల నిలబడి తల ఊపుతుండె. నన్ను చూసి దండం పెడ్తున్నడనుకున్న. పెద్దరికం అంటె గదీ! కోడలు వచ్చి చేతులు తిప్పుకుంట ఏందో అన్నది. చాయ్ గురించేమో అని, "చక్కెర తక్కువ ఎయ్యి" అన్న. నెత్తి కొట్టుకుంట పోయింది.

ఇగ సరోజ. ఎన్నడు లేంది, గోడ పక్కకు మంచం ఏసుకొని రోజు వడియాలు పెడ్తున్నది. నన్ను చూసి తియ్యగ నవ్వుడు! మబ్బు పట్టిన నాడు గూడ పెట్టింది. వాన చినుకులు పడుతుంటె గూడ పెట్టింది. పిచ్చిది, ఎండ లేంది వడియాలు ఎట్ల ఎండుతయని నాల నేనే నవ్వుకున్న.

నిన్నటి సాయంత్రం రానే వచ్చింది. కొత్త చీర కట్టుకొని, మిరియాలు నమిలి, గొంతు సాఫ్ చేసుకొని పోయిన. గల్లీ ఆడోళ్లందరు బతుకమ్మలు నడుమల పెట్టి చుట్టు నిలబడ్డరు. సరోజ నా దగ్గరికొచ్చి, "అక్కా, ముందుగాల్ల నేనొకటి అందుకుంటనే, తర్వాత నువ్వు" అన్నది. ఎంత మర్యాదనో! పోనియ్యి, నిరుటి పాటనే పాడుతది, దాని మీద నా కొత్త పాట పడ్తె దుమ్ము లేస్తదని, "పాడు బిడ్డా, పాడు" అన్న.

సరోజ గొంతు ఎత్తింది.

"అల్లం మడి ఒడ్డు మీద ఉయ్యాలో..."

నా కాళ్ల కింద భూమి పగిలి అండ్ల నేను నడుము దాక దిగిన! సరోజకు ఒక్కదానికేనా? గల్లీ మొత్తం అందుకున్నది. చిన్నపిల్లలకొచ్చు. చెవులు సక్కగ వినబడని మల్లమ్మకు గూడ వచ్చు. సైకిల్ మీద పోయే పాలాయన సుత "జోడు చిలుకలు వాలె" అనుకుంట పోయిండు. నా చెల్లెనే వీళ్లకు గూడ పాట పంపి ఉంటదని ఇంకా అనుకుంటనే ఉన్న. గంతల్నే చిలుకలు వాలినంక సరోజ రాగం తప్పకుండ ఏమన్నదో తెలుసా?

"అబ్బా, నా నడుము ఉయ్యాలో!"

అందరు "ఉయ్యాలో" అన్నరు.

ఇగ సమజైంది నాకు. మా చెల్లె పాటల నడుము లేదు. ఆ నడుము నాది! రోజు అక్కడికొచ్చేసరికి కాలు మార్చి కూసుంట నేనే అంటుండె. సరోజ అది గూడ పాటనే అనుకొని నేర్చుకున్నది. దాని తర్వాత నా దగ్గు గూడ దగ్గింది. సరిగ్గ నా తీరుగనే దగ్గింది. నేనేం చెయ్యాలె? చప్పట్లు కొట్టుకుంట, నా నడుముకు నేనే "ఉయ్యాలో" అన్న.

పాట అయినంక వచ్చింది మహారాణి. "ఎట్ల పాడిన అక్కా?"

"గొంతు మంచిగనే ఉంది బిడ్డా. నడుమే జర దవాఖానల చూపిచ్చుకో."

ఇంటికొచ్చి కోడలి మీద పడ్డ. "నేను గంత పెద్దగ ఒర్రుతున్నని చెప్పద్దా?"

"మస్తు సార్లు చెప్పిన అత్తమ్మా. చెప్పినప్పుడల్ల మీరు చక్కెర తక్కువ ఎయ్యమన్నరు."

చూసిన్రా నా తెలివి! బయటి సప్పుడు లోపలికి రావద్దని దుకాణమంత తిరగేసిన. లోపలి సప్పుడు బయటికి పోతదని ఒక్కసారన్న తట్టిందా? ఖలీల్ భాయ్ చెప్పబోయిన రెండో సంగతి గదే అయ్యుంటది, నేను చెప్పనిస్తె గద! చెవులు మూసుకొని, గుట్టుగ, గల్లీ మొత్తానికి పాట నేర్పిన పంతులమ్మను నేనే.

అయినా ఫికర్ లేదు, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ ఇంకా మిగిలే ఉన్నది. నిన్న ఉషారుల సరోజ అందరి ముందట అన్నది, సద్దుల నాటికి ఇంకో కొత్త పాట తెస్తదట, ఎవ్వరికి వినబడనియ్యకుండ నేర్చుకుంటదట. నేర్చుకోనియ్యి!

రజితా, నువ్వు బస్టాండ్ దిక్కే గద పోతున్నవు? ఖలీల్ భాయ్ కాడ నాయసొంటి ఇయర్‌ఫోన్లు ఇంకొక జత తీస్కో, పెద్ద రబ్బర్లే తొడిగియ్యమను. మెరిసే కాగితంల చుట్టిచ్చి, నా పేరు చెప్పకుండ సరోజ చేతుల పెట్టు. కొబ్బరినూనె రాసుకొమ్మని గూడ చెప్పు. అగో, వచ్చేటప్పుడు నాకు అర కిలో మినపప్పు పట్టుకరా బిడ్డా. రేపటి సంది గోడ పక్కకు మంచం ఏసుకొని వడియాలు పెట్టాలె.