పచ్చగానే ఉంది

ఎల్లారెడ్డి నర్సరీలో ఎవరూ కొనక ఎండుతున్న జునిపర్ మొక్కలను మా పక్కింటి చాచా కామారెడ్డికి తెచ్చి, వేళ్లు కత్తిరించి, కొమ్మలకు తీగ చుట్టి బోన్సాయ్ చేసేవాడు. పొద్దున్నే ఏదో ఒక మొక్క బెరడును గోటితో గీకి చూసేవాడు.

"పచ్చగనే ఉంది కద చాచా, ఎందుకు గీకుడు?" అన్నాను ఒకసారి.

"ఇది చచ్చినంక గూడ నెల రోజులు పచ్చగనే కనవడ్తది బేటా. బెరడు కింద పచ్చగుంటెనే బతికున్నట్టు. పైన జూసి నమ్మొద్దు."

మొన్న రంజాన్ పండుగనాడు కొత్త లాల్చీలో చాచా కళకళలాడుతున్నాడు. చెంపలు మాత్రం పీక్కుపోయాయి.

"తబియత్ ఎట్లుంది చాచా?"

"మంచిగున్న" అని నవ్వాడు. నేను నమ్మి, షీర్ ఖుర్మా తాగి వచ్చేశాను. నెల తిరగకుండానే పోయాడు.

ఆయన చివరిసారి వేళ్లు కత్తిరించిన మొక్క ఇప్పుడు మా గోడ మీద ఉంది. ఇంకా పచ్చగానే ఉంది. గీకి చూడడానికి నాకు చేతులు రావడం లేదు.