మోకాలి మీద చెయ్యి

మా పాత్రల వ్యాపారుల సంఘానికి అధ్యక్షులు మారుతుంటారు గానీ, వాళ్ల ఎడమ పక్క కుర్చీ మాత్రం కలీముల్లాదే. మోండా మార్కెట్ వెనక సందులో ఆయనది స్టీలు బిందెల కొట్టు. సంఘంలో ఆయనకు పదవి లేదు, పని ఉంది. మీటింగులో అధ్యక్షుడికి కోపం తన్నుకొచ్చినప్పుడు, బల్ల కింద ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాలి. నొక్కగానే అధ్యక్షుడు నోరు మూసుకుని మంచినీళ్లు తాగుతాడు. కరోనాలో కొట్లు మూతబడ్డా, జనం కుక్కర్లు సైతం ఫోనులోనే కొనడం మొదలుపెట్టినా మా సంఘం చీలలేదంటే అది ఆ చెయ్యి చలవే. శాలువాలు మాత్రం అధ్యక్షులకు కప్పాం. మా తెలివి అలాంటిది.

ఈ ఏడాది డ్రైనేజీ కోసం సందంతా తవ్వుతామన్నారు మునిసిపాలిటీ వాళ్లు. పని అయ్యేదాకా వాళ్లిచ్చే రేకుల షెడ్డులోకి మారాలి. అందరూ ఒక్కమాట మీద వస్తేనే షెడ్డు, లేకపోతే ఎవరి దారి వారిదే. సగం మంది మారదామన్నారు, సగం మంది కోర్టుకెక్కుదామన్నారు. అప్పటి అధ్యక్షుడు జోగారావు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. పెద్దమనిషే గానీ ముక్కు మీద కోపం. సరిగ్గా ఆ మీటింగు నాడు కలీముల్లా తన కూతురు జన్నత్ పురిటికని మౌలాలి వెళ్లాడు. నొక్కే చెయ్యి లేదు. "చేతనైతే మీరే ఏలుకోండి" అని జోగారావు సంఘం తాళాలు బల్ల మీద విసిరేసి వెళ్లిపోయాడు.

ఇక మాకొక శాంతమూర్తి కావాల్సి వచ్చింది. మీటింగుల్లో ఏనాడూ నోరెత్తనివాడు కలీముల్లాయే కనుక ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశాం. సంగతి విని ఆయన భార్య ఇమాంబీ చాలాసేపు నవ్విందట.

"ఆయన కోపం మీకేం ఎర్క వదినా? మా ఇంట్ల ఒక్క రిమోట్ సుత సక్కగ లేదు" అని మా ఆవిడతో అంది. అప్పటికే ఆలస్యమైంది.

ఆఖరి మీటింగు వచ్చింది. ఆ రోజు తేలకపోతే షెడ్డు పోయినట్టే. కోర్టు పక్షం సత్యదేవ్ లేచాడు.

"షెడ్డుకు పోదాం పోదాం అంటున్నవ్. నీకేమన్న ముడుతుందా ఏందన్నా?"

కలీముల్లా మొహం జేవురించింది. ఆయన చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లి ఖాళీ కుర్చీని తడిమింది. తర్వాత తాళాల మీదికి వచ్చింది. అయిపోయింది అనుకున్నాను, నాకు నిజంగా భయమేసింది.

వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న జోగారావు లేచాడు. ఎవరినీ చూడకుండా వచ్చి, ఎడమ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెయ్యి బల్ల కిందికి పోయింది.

కలీముల్లా తాళాలు వదిలేసి మంచినీళ్లు తాగాడు.

"రేపు పొద్దుగాల షెడ్డు చూసొద్దాం రా, సత్యదేవ్. నచ్చకుంటే కోర్టుకు నేను సుత వస్తా" అన్నాడు.

చూశాం. రేకులు కొత్తవి, రోడ్డు దగ్గర. సత్యదేవ్ మూల కొట్టు అడిగాడు, ఇచ్చాం. అందరం ఒక్కమాట మీదే మారాం.

మారిన రోజు సాయంత్రం ఇద్దరూ షెడ్డు ముందు టీ తాగుతున్నారు.

"ఆ దినం నువ్వు రాకుంటే నా పని ఖతమయ్యేదన్నా" అన్నాడు కలీముల్లా.

జోగారావు టీ వైపే చూస్తూ అన్నాడు. "నువ్వు లేకే కదయ్యా, నా పని అయిపోయింది."