కలిపి రాసిన మాట

మా ప్రెస్సులో ఆవిణ్ణి అందరూ సున్నాల పిన్ని అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి పాపమైనా పుణ్యమైనా నాదే. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక సభ కరపత్రంలో "పదిమంది పెద్దల సమక్షంలో" అని కొట్టాల్సింది. నా వేలు జారి ఒక సున్నా ఎక్కువ పడింది. "పందిమంది పెద్దల సమక్షంలో" అయింది. మెషీను ఎక్కే ముందు పిన్ని పట్టుకుంది. పట్టుకుని ఊరుకుందా, కాగితం తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నువ్వు కొట్టిందే నిజమేమో నాయనా. కానీ వాళ్ళు రాసిచ్చింది మాత్రం పది" అంది.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రూఫులు దిద్దిన మనిషి. మెట్ల కింద చిన్న గది ఆవిడది. ఒక కిటికీ, ఒక బల్ల, స్టీలు స్కేలు, సూదిలా చెక్కిన పెన్సిలు. స్కేలు పంక్తి కింద పెట్టి పెదాలు కదుపుతూ చదివేది. మొదటిసారి రాతప్రతితో పోల్చుకుంటూ, రెండోసారి అది పక్కన పెట్టేసి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ పేజీ మొదటికి వెళ్ళేది, పలకరించినవాడి వంక ఒక చూపు చూసి. ఆ చూపుకి మా ఓనరుగారు కూడా తలుపు దగ్గరే ఆగిపోయేవారు.

ఆవిడకి ఒకటే నియమం. అచ్చుతప్పు దిద్దాలి, రాసినవాడి మాట ముట్టుకోకూడదు. ఒక డాక్టరుగారి ఆత్మకథలో నానా చెత్తా ఉందని నేను గొణిగితే, "గాడిద అని రాసిస్తే గాడిదే పడాలి. దాన్ని గుర్రం చెయ్యమని మనకి జీతం ఇవ్వట్లేదు" అంది.

ఆవిడ ఇల్లు ప్రెస్సుకి నాలుగు వీధుల అవతల, టైలరు షాపు పైన. రెండు గదులు, వెనక వంటిల్లు. ఆ ఇల్లు పెద్ద టీచరుగారిది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలకి చదువు చెప్పాలని ఒక షెడ్డులో బడి మొదలుపెట్టి, దాన్ని మూడంతస్తుల స్కూలు చేసినావిడ. ఊళ్ళో ఆవిణ్ణి ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళి చేసుకోలేదు. మా పిన్నీ చేసుకోలేదు. ఇరవయ్యేడేళ్ళు ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. పిన్ని ఆ ఇంట్లో అద్దెకుంటోందని మేమనుకునేవాళ్ళం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మాకు అలా అనుకోవడం సుఖంగా ఉండేది, అంతే.

పెద్ద టీచరుగారు పోయినప్పుడు పిన్ని రెండు రోజులు సెలవు అడిగింది. కాగితం మీద కారణం దగ్గర "ఇంటి ఓనరు మరణం" అని రాసింది. మా ఓనరుగారు అది చదివి, "ఇంటి ఓనరు పోతే రెండు రోజులెందుకమ్మా, ఒకరోజు చాలదా?" అన్నారు. ఆవిడ రెండు కొట్టేసి ఒకటి వేసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకూ అది సబబుగానే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సంతాపసభలో టీచరుగారి అన్నగారబ్బాయి వేదిక మీద కూర్చున్నాడు. పిన్ని వెనక వరసలో, ఫ్యాను లేని చోట కూర్చుంది. తర్వాత వారంలో ఆ అబ్బాయి వచ్చి ముందుగదికి తాళం వేశాడు. వెనక గది, వంటిల్లు ఆవిడకి వదిలాడు. టీచరుగారి డైరీలన్నీ సంచిలో వేసుకుని పోయాడు. ఆవిడ ఆపలేదు. ఏ హక్కుతో ఆపుతుంది?

ఆ డైరీలే తిరిగి తిరిగి మా ప్రెస్సుకి వచ్చాయి.

స్కూలుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని కమిటీవాళ్ళు టీచరుగారి జీవిత చరిత్ర వేయాలనుకున్నారు. రాసింది కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. మంచి మనిషి, అది ఒప్పుకోవాలి. గట్టిగా మాట్లాడడు, టీ తెచ్చినవాణ్ణి కూడా మీరు అంటాడు. పుస్తకం చివర డైరీల నుంచి కొన్ని భాగాలు చేర్చాడు. సరిచూసుకోవడానికి ఆ పేజీల జిరాక్సులు ఇచ్చాడు. నేను కంపోజు చేసి మొదటి ప్రూఫు తీసి పిన్ని బల్ల మీద పెట్టాను. జిరాక్సులో ఆ చేతిరాత చూడగానే ఆవిడ కాసేపు పెన్సిలు పట్టుకోలేదు.

సాయంత్రానికి ప్రూఫు తిరిగొచ్చింది. పద్నాలుగు చోట్ల ఒకే దిద్దుబాటు. లెక్చరరుగారి కాపీలో ఉన్నట్టే "మా వారు" అని నేను కొట్టినచోటల్లా రెండు మాటలకీ పైనా కిందా చిన్న చాపాలు గీసింది. ఖాళీ తీసేసి కలపమని దాని అర్థం. పక్కన "డైరీలో కలిపే ఉంది" అని రాసింది. నేను కలిపేశాను.

లెక్చరరుగారి దగ్గర్నుంచి రెండో ప్రూఫు వచ్చింది. పద్నాలుగూ మళ్ళీ విడగొట్టి ఉన్నాయి, ఎర్ర సిరాతో. పిన్ని మళ్ళీ కలిపింది. ఆయన మళ్ళీ విడగొట్టి, ఈసారి "రచయిత నిర్ణయం" అని రాశాడు. ఇద్దరి మధ్యా నా తలప్రాణం తోకకొచ్చింది. ప్రూఫు పట్టుకుని మెట్ల కింద గదికి వెళ్ళాను.

"ఏంటి పిన్నీ ఈ పేచీ? రచయిత మాట ముట్టుకోకూడదని నువ్వే కదా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదానివి. ఆయన విడిగా ఉండాలంటే ఉండనీ. ఒక్క ఖాళీకి కొంపలేం మునిగిపోవు."

"మునుగుతాయి" అంది.

"మావారు అంటే మొగుడని అర్థం. పెళ్ళే కాని మనిషి డైరీలో మొగుడెక్కణ్ణుంచి వస్తాడు? చదివినవాళ్ళు నవ్వుతారు. ఆయన విడిగా పెట్టి కింద వివరం కూడా ఇచ్చాడు చూడు."

నిజంగానే పేజీ అడుగున సన్న అక్షరాల్లో ఉంది: "మా వారు అనగా టీచరుగారి అన్నగారి కుటుంబం."

ఆవిడ ప్రూఫు ఒకవైపు, జిరాక్సు ఒకవైపు పెట్టి స్కేలు ఆనించింది.

"నువ్వు కొట్టింది చదువు."

"మా వారు ఇవాళ... ఆలస్యంగా వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాక్టరుకి చూపించుకోమంటే వినరు" అని చదివాను.

"ఇప్పుడు ఆవిడ రాసింది చదువు."

"మావారు ఇవాళ ప్రెస్సు నుంచి ఆలస్యంగా వచ్చారు" అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాను. టీచరుగారి రాతలో చుక్కలు లేవు. చుక్కలున్నచోట ప్రెస్సుంది. ఆ అన్నగారు జీవితమంతా బ్యాంకులో పనిచేశాడు.

నేను పిన్ని వంక చూశాను. ప్రూఫులు చదివీ చదివీ ఎర్రబడిన ఆ కళ్ళని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఎలా మొదలైంది?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న అదేనా అంటే, నాకు అదే వచ్చింది.

"గ్యాసు అతను వచ్చాడు ఒకసారి. సంతకానికి మీవారు లేరా అని అడిగాడు. ఉన్నారు, మావారు ప్రెస్సుకెళ్ళారు అని చెప్పిందట. నేను వచ్చాక చెప్పి పడీపడీ నవ్వింది. తర్వాత అదే ఖాయమైపోయింది. చెప్పులు విడుస్తుంటే చాలు, మావారొచ్చారు అనేది, ఎవరూ లేని ఇంట్లో, గోడలకి చెప్పినట్టు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అనకపోతే మండేది."

మన భాషలో వారు అనే మాటకి ఆడా మగా లేదు. వచ్చారు, తిన్నారు, అలిగారు అంటే ఎవరన్నదీ ఎవరూ పట్టుకోలేరు. ఆ మాట చాటున ఇద్దరూ ఇరవయ్యేడేళ్ళు కాపురం చేశారు. లోకంలో మరెక్కడా, ఏ రిజిస్టర్లోనూ, ఏ ఫొటో కిందా దాని జాడ లేదు. ఉన్నది ఆ పద్నాలుగు చోట్ల. ఇప్పుడు వాటిని అన్నగారి కుటుంబానికి రాసిచ్చేస్తున్నాం, కొట్టేది నా చేతులతోనే. నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా, ఎక్కువ ఎవరి మీదో చెప్పలేను.

"పొరపాటు పడ్డాడేమోలే. నువ్వు చెబితే సరి. పిలిపిస్తాను" అన్నాను.

"ప్రెస్సు అన్న మాట తీసేసి చుక్కలు పెట్టినవాడు పొరపాటు పడతాడా?" అంది పిన్ని. అయినా వద్దనలేదు. నేను ఫోన్ చేశాను.

మర్నాడు మధ్యాహ్నం లెక్చరరుగారు వచ్చాడు. ఆ గదిలో రెండో కుర్చీకి చోటు లేదు. నేను స్టూలు ఆయనకిచ్చి గుమ్మంలో నిలబడ్డాను. పిన్ని జిరాక్సు ఆయన ముందు పెట్టి, ఉపోద్ఘాతమేమీ లేకుండా, "ఇందులో మావారు అంటే నేనండీ" అంది. ఆ మాట జన్మలో మొదటిసారి పైకి అంటోందని నాకు అర్థమైంది.

ఆయన తల దించుకున్నాడు.

"తెలుసమ్మా. మొదటి డైరీ సగంలోనే తెలిసింది" అన్నాడు.

అబద్ధమాడినా బాగుండేదనిపించింది నాకు.

"తెలిసి అన్నగారి పేరు ఎలా రాశారండీ?" అన్నాను.

"డైరీలు ఆ అబ్బాయివి. పుస్తకం స్కూలుది. పిల్లల తల్లిదండ్రులు చదువుతారు. రేపు ఎవరో ఒకరు టీచరుగారి మీద మాట అంటే? ఆవిడ గౌరవం కోసమే నేను..." అని ఆగాడు. "అయినా చరిత్రకి ఆధారం కావాలి. ఒక్క మాట పట్టుకుని ఎలా రాయను?"

"ఆధారం మీ ఎదురుగా కూర్చుని ఉంది కదండీ" అన్నాను.

పిన్ని నన్ను చేత్తో ఆపింది. ఆయన ఇంకా మెత్తగా, "కృతజ్ఞతల్లో మీ పేరు వేస్తానమ్మా. టీచరుగారికి కడదాకా సేవ చేసినవారు అని. నిండుగా ఉంటుంది" అన్నాడు.

"నేను సేవ చెయ్యలేదండీ" అంది పిన్ని. "గిన్నెలు ఆవిడే కడిగేది. నేను కడిగితే జిడ్డు పోదని గొడవ."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు.

"మీ పుస్తకం మీది" అంది పిన్ని చివరికి. "మీ మాటల్లో నేను వేలు పెట్టను. కానీ డైరీ మీది కాదు. రాసినావిడ కలిపి రాసింది. కలిపి వెయ్యండి. కింద వివరం ఏమీ వద్దు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళకి లేదు."

"కమిటీ ఒప్పుకోదమ్మా. ఆ అబ్బాయి అసలే ఒప్పుకోడు."

"అడిగారా?"

ఆయన అడగలేదు. అడగడని ఆయన ముఖమే చెప్పింది.

ఆవిడ ప్రూఫు దగ్గరికి లాక్కుంది. పద్నాలుగు భాగాలూ ఒక్కొక్కటే మళ్ళీ చదివింది. పెదాలు కదులుతున్నాయి. తొందరేమీ పడలేదు. చదవడం అయ్యాక పెన్సిలుతో మొదటిదానికి అడ్డంగా గీత గీసి, పక్కన తీసెయ్యమనే గుర్తు పెట్టింది. తర్వాత రెండోది. గుమ్మంలోంచి నేను, "పిన్నీ, ఏం చేస్తున్నావు?" అన్నాను. మూడోది కొట్టేసింది.

"ఇవి తీసెయ్యండి. అసలు లేకుండా పోనివ్వండి. నన్ను వెయ్యకపోతే మానండి, వాళ్ళకి మాత్రం ఇవ్వకండి" అంది ఆయనతో.

ఆయన ముఖంలో ఎంత తేలిక! వెంటనే ఒప్పుకున్నాడు. రెండు చేతులూ జోడించి, జిరాక్సులు జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బయట ఆయన అడుగుల చప్పుడు ఆగేదాకా పిన్ని కదలలేదు.

ఆ సాయంత్రం నేనే కంప్యూటరు దగ్గర కూర్చుని వాటిని తీసేశాను. తీసేముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఈ పేజీలు మనకోసం ఒక్క కాపీ తీస్తాను. కలిపే కొడతాను, ఆ ప్రెస్సు మాట కూడా పెట్టి. ఎవరికీ తెలియదు" అన్నాను. నాకు తోచిన మంచిపని అదొక్కటే.

"ఎవరికీ తెలియకుండా ఇరవయ్యేడేళ్ళు ఉన్నాం నాయనా. దానికి మళ్ళీ అచ్చెందుకు?" అంది.

నేను వెనక్కి వచ్చి మీట నొక్కాను. పద్నాలుగు సార్లు నొక్కాను.

ఆఖరి ప్రూఫు రెండు రోజుల్లో తయారైంది. పిన్ని ఆ రోజంతా తల ఎత్తలేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా స్కేలు పెట్టుకుని చదివింది. టీచరుగారు పుట్టడం, షెడ్డులో బడి, కోర్టు కేసు, మూడంతస్తులు, సన్మానాలు. బడి నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రాల గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ప్రెస్సు మూసే వేళకి నేను వెళ్ళేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు రుద్దుకుంటోంది.

"తప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"తప్పులేం లేవు. వేసుకోవచ్చు" అంది. కాగితాలు సర్ది నా చేతికిచ్చింది. ఇచ్చాక కూడా అంచు వదల్లేదు.

"ఇందులో ఆవిడ ఇంటికి రోజూ ఒక్కత్తే వెళ్ళినట్టుంది" అంది. "పాపం, అన్నేళ్ళూ ఒక్కత్తే ఉన్నట్టుంది."