రెండో వైపు రేపు

సిరిల్ థర్ల్‌వెల్ తన జన్మలో ఎవరికీ రికార్డు రెండో వైపు వినిపించి ఎరగడు. మనిషి మంచివాడే. తాగడు, అబద్ధమాడడు, పిల్లి ఎదురొస్తే తనే పక్కకు తప్పుకుని దారిస్తాడు. రికార్డు తిప్పమంటే మాత్రం ఇల్లు రాసిమ్మన్నట్టు చూస్తాడు.

ఇంగ్లండులో మా ఊరు సౌత్ షీల్డ్స్‌లో పడవల రేవుకు కాస్త ఎగువన, వీధి మలుపులో అతని పాత రికార్డుల కొట్టు. ఎవరు వచ్చినా ముందు కుర్చీ, తర్వాత టీ, ఆ తర్వాత అదే ఎల్పీ రికార్డు. అరవైల్లో మా నది ఒడ్డు కుర్రాళ్ళు ఐదుగురు అమెరికా నల్లవాళ్ళ పాటలు నేర్చుకుని, వాటికి గిటార్లూ డ్రమ్ములూ తగిలించి గొంతు చించుకు పాడిన ఎల్పీ అది. అట్టమీద ఐదుగురూ పంతులు బెంచీ ఎక్కించినట్టు ముఖాలు మాడ్చుకుని ఉంటారు. సిరిల్ చేతులు కడుక్కుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు అంచులు పట్టి దాన్ని బయటికి తీసి, మఖ్‌మల్ గుడ్డతో తుడిచి, ఊపిరి బిగబట్టి ముల్లు దించుతాడు. మొదటి వైపు అయిపోగానే మళ్ళీ తుడిచి అట్టలో పెట్టేస్తాడు.

"మరి రెండో వైపో?"

"రేపు."

మర్నాడు వెళ్తే మళ్ళీ మొదటి వైపే.

సండర్లాండ్ నుంచి ఒకాయన కొనడానికే వచ్చాడు పాపం. "తీసుకుంటానయ్యా, అటువైపు కూడా ఓసారి విననీ."

"రేపు రండి."

"మాది సండర్లాండ్ మహానుభావా!"

"రేపు కూడా బస్సుంటుంది."

అతని చెల్లెలు మ్యాడ్జ్ నా దగ్గర నెత్తి కొట్టుకునేది. "రొట్టె కూడా ఒకవైపే కాలుస్తాడమ్మా ఐవీ! రెండో వైపు నేను కాల్చుకుని తింటున్నా."

ఒక ఆదివారం చాపెల్‌లో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో కాగితం తిప్పారో లేదో, సిరిల్ టోపీ తీసుకుని లేచాడు. "ఎక్కడికి బాబూ?" అని ఆయన అడిగితే, "ఈ వైపు అయిపోయిందిగా!" అన్నాడు. దేవుడు క్షమించుగాక, ప్రార్థన పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఇలా ఉండగా మా పక్కింటి రెజ్ డాబ్సన్ భార్య ఎల్సీ ఆ వసంతంలో పోయింది. రెజ్ చిన్నప్పుడు సిరిల్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు, ఫెర్రీ పడవలో పనిచేసి రిటైరైనవాడు. ఎల్సీ పోయాక కిటికీ తెరలు తీయలేదు, చాపెల్‌కు రాలేదు. ఉదయం నేను గుమ్మంలో పెట్టిన సూపు గిన్నె సాయంత్రానికి మూత కదలకుండా అక్కడే ఉండేది. మనిషి మనకు దక్కడేమోనని నా భయం. రోజూ దేవుడికి చెప్పుకునేదాన్ని.

ఒకరోజు నేను కొట్లో ఉండగా రెజ్ వచ్చాడు. మాసిన గడ్డం, చంకలో అదే ఎల్పీ, తన సొంతది. ఎల్సీ పాట విందామని బయటికి తీసి, వినే ధైర్యం చాలక హీటరు మీద పెట్టి మరిచిపోయాడట. అప్పడంలా వంకర తిరిగిపోయింది.

"సిరిల్, నీ రికార్డు వేయరా. రెండో వైపు ఆఖరి పాట. దానికే నేనూ ఎల్సీ మొదటిసారి కలిసి డాన్సు చేశాం. ఆ ఒక్కటీ చాలు."

సిరిల్ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "కూర్చో. టీ తాగు. ఇవాళ మొదటి వైపు. రెండోది రేపు."

"ఒరేయ్, నీకు గుండె ఉందా?"

"ఉంది. అదీ రేపు చూపిస్తా."

రెజ్ తలుపు దడాలున వేసి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు రెజ్ మళ్ళీ వచ్చాడు, తిట్టడానికి. ఆ మర్నాడు ఇంకా గట్టిగా తిట్టడానికి. తర్వాత గడ్డం గీసుకుని వచ్చాడు, గడ్డంతో తిడితే ముష్టివాడు తిట్టినట్టుందని మ్యాడ్జ్ అన్నదట. తిట్టి తిట్టి ఆకలేసి, ఆమె పెట్టిన రొట్టే బఠాణీ ముద్దా రెండు వాయిలు తిన్నాడు. నా సూపు గిన్నె కూడా ఖాళీగా, కడిగి మరీ, నా గుమ్మానికి తిరిగొచ్చింది.

అయినా నేనూరుకోలేదు. రెజ్ లేనప్పుడు వెళ్ళి, "ఆ రెండో వైపు గీతలు పడ్డాయా? నిజం చెప్పు" అన్నాను.

సిరిల్ రికార్డు తీసి వెలుగులో తిప్పి చూపించాడు. కొత్త పెనంలా మెరుస్తోంది.

"మరెందుకయ్యా ఏడిపిస్తావు?"

"ఆ పాట వింటే ఇంటికెళ్ళి తలుపేసుకుంటాడు తల్లీ. వినకపోతే నన్ను తిట్టడానికైనా రేపొస్తాడు."

"మరి ఆ సండర్లాండ్ ఆయనో?"

"చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చెప్పేవాళ్ళు ఇంట్లో లేరన్నమాట. అలాంటివాడికి రేపు ఎక్కడికో ఒకచోటికి వెళ్ళే పని ఉండాలి."

నేను నవ్వబోయి ఆగాను. మా ఆయన చనిపోయినప్పటి నుంచీ ఈ కుర్చీలోనే టీ తాగుతున్నాను. ఆ రెండో వైపు నేనూ ఇంతవరకు వినలేదు.

"సిరిల్... మరి నేనో?"

అతను గుడ్డ తీసుకుని, మెరుస్తున్న రికార్డునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం రెజ్ ఈలవేస్తూ వచ్చాడు, చేతిలో తనే కొన్న రొట్టెల పొట్లం. సిరిల్ అతన్ని చూశాడు. చేతులు కడుక్కున్నాడు. రికార్డు తీసి తిప్పాడు! మ్యాడ్జ్ వంటింట్లోంచి పరుగున వచ్చింది. నేను కప్పు కింద పెట్టేశాను.

పాటలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. రెజ్ పాదం తాళం వేస్తోంది. ఇక ఆఖరి పాటే మిగిలింది. అది విన్నాక మళ్ళీ ఆ తెరలు మూసుకుంటాయేమోనని నా బెంగ. ప్రభువా అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

పాట వినపడలేదు. కళ్ళు తెరిస్తే, రెజ్ వంగి ముల్లు పైకెత్తుతున్నాడు.

"ఇది రేపు," అని టోపీ పెట్టుకున్నాడు. "టీలో చక్కెర కాస్త తగ్గించు మ్యాడ్జ్. వస్తా."

సిరిల్ ముఖం కందగడ్డయింది. తలుపు దాకా వెంటపడి వీధిలోకి అరిచాడు: "చేతులు కడుక్కోకుండా ముల్లు ముట్టుకుంటావురా? ఒక పాట మిగలగానే లేచిపోవడం ఏం మర్యాదరా? వింటే పూర్తిగా వినాలి!"