విరిగిన సూది మొన

కుట్టు ఫ్యాక్టరీలో అందరూ ఆమెను బెదురక్క అనేవారు. పందొమ్మిదేళ్లు తల వంచుకుని మిషను తొక్కిన మనిషిని ఆ సోమవారం సూపర్‌వైజరును చేశారు. అంతవరకూ ఆ కుర్చీలో మగవాళ్లే కూర్చున్నారు.

"ఆడవాళ్లకిచ్చి చూద్దామన్నారు పైవాళ్లు. నీ చేతిలో మిషన్ల లైను ఆగిందా, ఇంకే ఆడమనిషికీ ఇవ్వరు," అన్నాడు మేనేజరు. మగవాళ్లు ఆపినప్పుడు ఆ మాట ఎవరూ అన్న పాపాన పోలేదు.

ఆ రోజే పదకొండింటికి కొత్తగా చేరిన పిల్ల విరిగిన సూది తెచ్చింది. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి కాగితానికి అతికించి చూపించాలి. ఒక్క ముక్క తగ్గినా లైను ఆపి బట్టలన్నీ వెతకాలి. అక్కడ కుట్టేవి పసిపిల్లల గౌన్లు మరి.

కాగితం మీద మూడు ముక్కలు కలిపితే సూది పూర్తిగానే ఉంది. కానీ మొన కాస్త సన్నగా ఉంది, అది వేరే సూదిది. పాత సూపర్‌వైజరు తిట్లకు జడిసి బెదురక్క కూడా ఒకసారి ఇలాగే వేరే సూది మొన అతికించింది. ఆ గౌను ఏ బిడ్డ తొడుక్కుందోనని ఇప్పటికీ నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తుంది.

"నిజం చెప్పమ్మా, మొన దొరికిందా?"

పిల్ల బెదిరి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇన్నేళ్లూ అందరికీ బెదురక్కే భయపడింది. తనని చూసి ఒకరు భయపడటం ఇదే మొదటిసారి.

మేనేజరు మాట గుర్తున్నా, బెదురక్క లైను ఆపే ఎర్ర బటన్ నొక్కింది. నలభై మిషన్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మెట్ల మీద మేనేజరు బూట్ల చప్పుడు వినిపించింది.

"నా వెనక నిలబడు," అంది పిల్లతో.