ఎక్కిళ్ళు పట్టిన అల్లుడు

మొదటి లాక్‌డౌన్‌లో నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. జ్వరం కాదు, దగ్గు కాదు, ఉత్త ఎక్కిళ్ళు.

సూరత్‌లో, గోడాదరాలో మేముండేది ఒకే గది. మగ్గాల కార్ఖానా మూతపడి నేను ఇంట్లోనే ఉన్నాను. నాలుగు రోజులుండి పోదామని ఊరి నుంచి వచ్చిన అత్తమ్మ, రైళ్ళు ఆగిపోవడంతో మా దగ్గరే చిక్కుకుపోయింది. మా ఇళ్ళల్లో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, ముఖాముఖి మాట్లాడదు. అందుకని నా భార్య పొయ్యి ఉన్న మూలకు అడ్డంగా ఒక చీర కట్టింది. అవతల అత్తమ్మ, ఇవతల నేను. ఆమె ఏదైనా చెప్పాలంటే కూతురికి చెప్పేది, కూతురు నాకు చెప్పేది. మధ్యలో ఉన్నది చీరే కాబట్టి నాకు ముందే వినబడేది. అయినా మర్యాద కోసం రెండోసారి కూడా విని తల ఊపేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పచ్చిమిరపకాయ తొక్కు కలుపుకొని గబగబా తింటుంటే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. నీళ్ళు తాగాను. చక్కెర బుక్కాను. ముక్కు మూసుకొని ఊపిరి బిగబట్టాను. ఏం చేసినా ఆగలేదు. మర్నాటికి పక్కటెముకలు పీకడం మొదలైంది. మగ్గాలు నడిచే రోజులైతే ఆ మోతలో నా ఎక్కిలి నాకే వినబడేది కాదు. ఇప్పుడు గల్లీ అంతా నిశ్శబ్దం. ఎదురింటి ఒడియా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "అభీ భీ చాలూ హై?" అని, ఇంకా ఆగలేదా అన్నట్టు అడిగేవాడు.

"ఎవలో యాది చేస్తున్నరని చెప్పు బిడ్డా," అంది అత్తమ్మ చీర వెనక నుంచి.

"ఎవలో నిన్ను యాది చేస్తున్నరట," అంది నా భార్య.

ఆ మనిషెవరో తేలితేగాని ఎక్కిళ్ళు ఆగవని అత్తమ్మ నమ్మకం. ఫోను తీసుకొని చుట్టాలందరికీ చేయసాగింది.

"తమ్మీ, మా అల్లున్ని యాది చేస్తున్నవా ఏంది?"

"నేనెందుకు చేస్త అక్కా? నాకేం పని?"

మా సొంత అక్కను కూడా అడిగింది. "వరికోతలు నడుస్తున్నయి అత్తమ్మా, యాది చేసేటందుకు తీరికేడున్నది?" అంది మా అక్క. పొద్దుగూకేసరికి తేలిందేమిటంటే, రెండు వైపుల చుట్టాల్లోనూ నన్ను తలుచుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. ఎక్కిళ్ళకు తోడు ఆ బాధ ఒకటి.

కూరగాయల బండి దగ్గరికి వెళ్తే, ఎక్కిలి వచ్చినప్పుడల్లా నా మాస్కు ఎగిరెగిరి పడింది. "ఖాంసీ హై క్యా?" అన్నాడు బండివాడు. దగ్గు కాదు, ఎక్కిళ్ళని చెప్పేలోగా ఆలుగడ్డలు నేలమీద పెట్టి బండి తోసుకుపోయాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఉన్నట్టుండి దొంగతనం అంటగడితే ఎక్కిళ్ళు పోతాయని నా భార్యకు గుర్తొచ్చింది. ఆలుగడ్డలు కింద పెడుతుంటే మీదికొచ్చి, "నా గొలుసు ఏడ అమ్ముకున్నవ్?" అని అరిచింది. నేను ఎక్కిళ్ళ మధ్యనే, "నేను తియ్యలే" అన్నాను. ఇది మందు అని అత్తమ్మకు తెలియదు. చీర వెనక గొల్లుమంది. "అయ్యో, గిట్లాంటోనికి ఇచ్చినమా బిడ్డా!" ఆమె ఏడుపు ఆపించడానికి గొలుసు తెచ్చి చూపించాల్సి వచ్చింది. ఎక్కిళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇక లాభం లేదని, ఖటోదరాలో మా కార్ఖానావాళ్ళు చూపించుకునే డాక్టరుకు వీడియో కాల్ చేశాం. ఆయన మాత్రల పేరు చెప్పి, ముందు వెల్లకిలా పడుకొమ్మన్నాడు. మోకాళ్ళు ఛాతీకి ఆనించి గట్టిగా నొక్కిపట్టాలట. నా భార్య ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.

"ఇంకా గట్టిగా! ఇంట్లో ఇంకెవరూ లేరా?" అని హిందీలో అరిచాడు డాక్టరు.

చీర కదిలింది. అత్తమ్మ ముఖం మీదికి కొంగు లాక్కొని బయటికొచ్చింది. "నువ్వు జరుగు," అని కూతురిని పక్కకు నెట్టి, నా మోకాళ్ళ మీద మొత్తం బరువు మోపింది. ఊపిరాడక నేను గిలగిల్లాడాను. అది చూసి నా భార్య నా భుజాలు అదిమిపట్టింది.

సరిగ్గా అప్పుడే, ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే ఇద్దరు ఆడవాళ్ళు థర్మామీటరు గన్నుతో తలుపు తోశారు. కింద ఒక మగమనిషి, మీద ఇద్దరు ఆడవాళ్ళు, పక్కన ఫోనులోంచి "ఛోడనా మత్!" అని, వదలొద్దని కేకలు.

"క్యా కర్ రహే హో? ఛోడో ఉస్కో!" అని, నన్ను వదలమని అరిచింది వాళ్ళలో ఒకామె.

అత్తమ్మకు హిందీ రాదు. కొంగు తీయకుండానే శాంతంగా చెప్పింది. "మా అల్లుడమ్మా. ఏం గాదు, అయిపోవచ్చింది."

వాళ్ళు గడప మీది నుంచే చెయ్యి చాపి, నా నుదుటికి గన్ను గురిపెట్టి చూశారు. జ్వరం లేదు. అంతే, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అత్తమ్మ లేచింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి ఎదురుచూశాం. ఎక్కిలి రాలేదు. ఇంకాస్త చూశాం. రాలేదు.

"తగ్గిందా బిడ్డా?" అంది అత్తమ్మ, నన్నే చూస్తూ.

"తగ్గింది అత్తమ్మా," అన్నాను. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ పూట పెరుగన్నం మెత్తగా కలుపుకొని నిదానంగా తిన్నాను. ప్రతి ముద్దకూ నా భార్య నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మర్నాడు డాక్టరు తనే ఫోను చేసి ఎట్లా ఉందని అడిగాడు. ఎక్కిళ్ళు పోయాయనీ, మోకాళ్ళు వంగడం లేదనీ చెప్పాను.